విజిట్ వీసాకూ పని వీసాకూ నడుమ



జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గానీ, రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపు గానీ ఒక కుర్రాడు దుబాయ్ పోతున్నాడని తెలిస్తే, గల్ఫ్‌లో పదేళ్లు చేసి వచ్చినవాళ్లు ముందుగా జీతం సంగతి అడగరు. ‘విజిటా, కంపెనీ వీసానా?’ అంటారు. కంపెనీ వీసా అంటే సరేనని తలూపుతారు. విజిట్ అంటే మాత్రం ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తారు. ‘అక్కడ నీకు ఎవరున్నారు? ఎన్ని రోజులకు తీశావు? పని దొరక్కపోతే వాపసు వస్తావా? వాపసు టికెట్ నిజమైనదేనా?’ వాళ్లు అంతలా ఎందుకు అడుగుతారో చెప్పడానికే ఈ ప్రసంగం.

దుబాయ్ అని మనం అలవాటుగా అంటాం. దుబాయ్, అబూధాబీ, షార్జా వంటి 7 ఎమిరేట్లు కలిసిన దేశం యూఏఈ. అక్కడికి 30 రోజులకో 60 రోజులకో విజిట్ వీసా తీసుకుని వెళ్లొచ్చు. వెళ్లాక ఏదైనా కంపెనీ ఉద్యోగం ఇస్తే, ఇంటికి తిరిగి రాకుండా అక్కడే ఉండి పని వీసాకు మారొచ్చు. ఇందులో చాటుమాటు ఏమీ లేదు, అక్కడి చట్టం ఒప్పుకున్న పద్ధతే. వీసా కాగితాలు నింపే టైపింగ్ సెంటర్లలో, కంపెనీ ఆఫీసుల్లో దీన్ని ‘స్టేటస్ ఛేంజ్’ అంటారు. డిగ్రీ చదివి, ఇంగ్లీషు వచ్చి, చేతిలో కాస్త డబ్బున్న వాళ్లు చాలామంది ఇలాగే వెళ్లి కుదురుకున్నారు. అకౌంటెంట్లు, సేల్స్‌వాళ్లు, హోటల్ ఉద్యోగులు, ఇంజనీర్లు వీళ్లలో ఉన్నారు.

ఒకప్పుడు ఇది ఇంత సులువుగా ఉండేది కాదు. 2000 సంవత్సరం అటూ ఇటూ రోజుల్లో వీసా మారాలంటే ఒకసారి దేశం దాటి వెళ్లి, కొత్త వీసాతో మళ్లీ లోపలికి రావాలి. ఇండియాకు వచ్చిపోవాలంటే ఖర్చు. అందుకని జనం కిష్ అనే దీవికి వెళ్లేవాళ్లు. అది ఇరాన్‌ది. ఫ్రీ జోన్ కాబట్టి ముందుగా వీసా తీసుకోకుండానే దిగొచ్చు. కొత్త వీసా వచ్చేదాకా అక్కడి చౌక వసతుల్లో పడుకుని ఎదురుచూసేవాళ్లు. కొందరికి ఒకటి రెండు రోజుల్లో వచ్చేది. కొందరికి వారాలు పట్టేది. 2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి షార్జాకు వస్తున్న ఫోకర్ 50 విమానం దిగబోతూ కూలింది. విమానంలో ఉన్న 46 మందిలో 43 మంది చనిపోయారు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. వీసా కోసం దీవికి వెళ్లి రావడం అప్పట్లో ఎంత మామూలు సంగతో లోకానికి తెలిసింది ఆ ప్రమాదంతోనే.

ఇప్పుడు ఆ ప్రయాణం తప్పింది. రుసుము కడితే దేశంలో ఉండగానే మారొచ్చు. ఈ మార్పు ఏ వరుసలో జరుగుతుందో కాస్త నిదానంగా వినండి. మోసం జరిగేది సాధారణంగా ఈ వరుసను తారుమారు చేసినప్పుడే.

మొదటి మెట్టు ఆఫర్ లెటర్. కంపెనీ లెటర్‌హెడ్ మీద టైపు చేసి వాట్సాప్‌లో పంపే కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి. యూఏఈలో మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఉంది, దాన్ని అక్కడ మొహ్రే అంటారు. ఆ శాఖ నమూనాలో, ఆ శాఖ నంబరుతో వచ్చేదే అసలు ఆఫర్ లెటర్. ఏ పని, మూల వేతనం ఎంత, అలవెన్సులు ఎంత, సెలవులు ఎన్ని అనేది అందులో ఉంటుంది. 2016 నుంచి దీన్ని అరబిక్, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలో కూడా ఇవ్వాలని నిబంధన పెట్టారు. అప్పుడు మొత్తం 11 భాషల్లో నమూనాలు తెచ్చారు. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం అందులో ఉన్నాయి. తెలుగు లేదు. అందుచేత మనవాడు సంతకం పెట్టేముందు హిందీ ప్రతో, ఉర్దూ ప్రతో అడిగి తీసుకుని, చదవగలిగిన మనిషి చేత చదివించుకోవాలి. ఈ సంతకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రేపు జీతం దగ్గర తగువు వస్తే అధికారులు చూసేది అందులో ఉన్న అంకెనే.

రెండో మెట్టు వర్క్ పర్మిట్‌కు మొహ్రే అనుమతి. మూడోది ఉద్యోగం కోసం ఇచ్చే ఎంట్రీ పర్మిట్. నాలుగోది స్టేటస్ ఛేంజ్. ఇది పూర్తయితే రికార్డుల్లో మీరు ఇక విజిటర్ కారు. అక్కడి నుంచి 60 రోజుల్లోగా మిగతావన్నీ పూర్తి కావాలి. మెడికల్‌లో రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు ఇవ్వాలి. ఆ తర్వాత పని ఒప్పందం, రెసిడెన్సీ. ఇదివరకు రెసిడెన్సీ స్టిక్కర్‌ను పాస్‌పోర్టులో అంటించేవాళ్లు. 2022 నుంచి అది పోయింది. మనవాళ్లు బతాకా అని పిలుచుకునే ఎమిరేట్స్ ఐడీ కార్డే ఇప్పుడు రుజువు.

మరి ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకోవాలి? 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టంలో దీనికి సూటిగా జవాబుంది. నియామకానికి అయ్యే రుసుములూ ఖర్చులూ యజమానివే. వాటిని కార్మికుడి దగ్గర నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ వసూలు చేయకూడదు. అదే చట్టం ప్రకారం పాస్‌పోర్టు గుంజుకుని దగ్గర పెట్టుకోకూడదు కూడా. ‘వీసా మార్చడానికి ముందు నువ్వు కట్టు, జీతంలో చూసుకుందాం’ అనే మనిషి మొదటి రోజే చట్టం తప్పుతున్నాడన్నమాట. అతను రెండో నెల జీతం సరిగ్గా ఇస్తాడని ఎలా నమ్ముతాం?

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఇంటర్వ్యూ అయింది. సూపర్‌వైజర్‌కు నచ్చాడు. ‘రేపటి నుంచి వచ్చేయ్. ఒక వారం ట్రయల్ చూస్తాం, తర్వాత వీసా కొడతాం’ అన్నారు. ఊరి నుంచి వచ్చి నెల దాటింది. బెడ్‌స్పేస్ అద్దె కట్టాలి. ఇంటి దగ్గర వడ్డీ నడుస్తోంది. ఆ మాట విన్న కుర్రాడికి ప్రాణం లేచి వస్తుంది. వెంటనే చేరిపోతాడు. వారం రెండు వారాలవుతుంది. వీసా గడువు ముగుస్తుంది. అప్పటికి కంపెనీ ఇంకా కాగితాలు పెట్టి ఉండదు. ఇది రిజిస్ట్రేషన్ కాని పొలంలో నాట్లు వేయడం లాంటిది. చెమట మనది, పంట ఎవరిదో తెలియదు.

ఎందుకంటే విజిట్ వీసా మీద ఉండి పని చేయడం అక్కడ నేరం. పట్టుబడితే జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు. పని చేయించుకున్న కంపెనీకీ శిక్ష ఉంది. 2024లో చట్టాన్ని సవరించి, పర్మిట్ లేకుండా పని చేయించుకున్నా, మనుషుల్ని రప్పించి ఉద్యోగం ఇవ్వకుండా వదిలేసినా, యజమానికి వేసే జరిమానాను లక్షకూ 10 లక్షల దిర్హమ్‌లకూ మధ్య ఉండేలా పెంచారు. చట్టం గట్టిదే. కానీ పని చేసిన మనిషికి ఆ జరిమానా నుంచి ఒక్క దిర్హమ్ కూడా రాదు. పైగా ఆ దేశంలో జీతాలు బ్యాంకు ద్వారా ఇప్పించి, వాటి మీద నిఘా పెట్టే ఏర్పాటు 2009 నుంచే ఉంది. పర్మిట్ లేనివాడి పేరు ఆ లెక్కలోకే రాదు. అతను ఏ కంపెనీలో పని చేశాడో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

గడువు దాటితే లెక్క ఇంకోలా తిరుగుతుంది. అదనంగా ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హమ్‌ల జరిమానా. నెలకు 1500 దిర్హమ్‌లు. వెయ్యి దిర్హమ్‌ల జీతానికి చేరిన మనిషికి జీతం కన్నా జరిమానా ఎక్కువ. ఆర్నెల్లు గడిస్తే 9000. ఆ డబ్బు కట్టలేక బయటికి రాలేడు, బయటికి రాలేక దాక్కుంటాడు, దాక్కున్న మనిషిని ఎంత తక్కువకైనా పనికి పెట్టుకోవచ్చు. గల్ఫ్‌లో మనవాళ్లు ఖల్లివల్లి అని పిలిచే బతుకు చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు వీళ్లు బయటపడతారు. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకూ అలాంటి అవకాశం ఇచ్చింది. జరిమానా లేకుండా ఇంటికి వెళ్లనిచ్చారు, ఉద్యోగం దొరికినవాళ్లను అక్కడే సక్రమం చేసుకోనిచ్చారు. అంతకుముందు 2018లో కూడా ఇచ్చింది. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. క్షమాభిక్ష వస్తుందిలే అని ఎవరూ ఏళ్ల తరబడి దాక్కోలేరు.

ఇంతవరకూ అక్కడి చట్టం. ఇక మన దేశం వైపు చూద్దాం. మన మాటల్లో తక్కువగా వినిపించేది ఇదే.

మనకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. ప్రధానంగా పదో తరగతి పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ కావాలి. హైదరాబాద్‌లోనే ఆ కార్యాలయం ఉంది. ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ విధానంలో ఇక్కడి ఏజెంటు, అక్కడి యజమాని, జీతం, ఒప్పందం అన్నీ నమోదవుతాయి. దాంతో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుముకూ హద్దుంది. 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. 18 శాతం కలుపుకుంటే 35,400. రసీదు ఇవ్వాలి.

అదే మనిషి విజిట్ వీసా మీద విమానం ఎక్కితే? ఉద్యోగానికి పోతున్నట్టు కాదు కాబట్టి క్లియరెన్స్ అక్కర్లేదు. క్లియరెన్స్ లేదు కాబట్టి ఒప్పందం నమోదు కాలేదు, బీమా లేదు, ఏజెంటు పేరు ఏ రికార్డులోనూ లేదు. రేపు అతను పరంజా మీద నుంచి పడితే ఇంట్లోవాళ్లు ఎవరిని అడగాలి? ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ‘బంధువుల ఇంటికి పోతున్నానని చెప్పు’ అని ఏజెంటు నేర్పి పంపుతాడు. అనుమానం వస్తే అధికారులు ఆపేస్తారు. ఆపకుండా దాటించడానికని ‘పుషింగ్’ పేరుతో విడిగా డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. అంటే తన దేశం తనకిచ్చే రక్షణను వదులుకోవడానికి ఆ పేదవాడు ఎదురు డబ్బు కడుతున్నాడు!

మరి ఇంత నష్టం ఉండీ ఈ దారి ఎందుకు నడుస్తోంది? కంపెనీకి ఇది లాభం. మనిషిని ఎదురుగా చూసి ఎంచుకోవచ్చు. రేపే పనిలోకి దించొచ్చు. ఇండియాలో ఏజెన్సీ ఖర్చు లేదు, ఈ-మైగ్రేట్ నమోదు లేదు, విమానం టికెట్ లేదు. సబ్‌ఏజెంటుకూ లాభమే. లైసెన్సు లేకుండా కథ నడిపించొచ్చు. వెళ్లేవాడికి కూడా ఒక లెక్క ఉంది. కంపెనీ వీసాకు లక్షల్లో అడుగుతుంటే, విజిట్ తక్కువలో అయిపోతుంది, వారంలో వస్తుంది. కాకపోతే ఆ లెక్కలో రెండు నెలల తిండి, అద్దె, దొరక్కపోతే తిరుగు ప్రయాణం వేసుకోడు. ఉద్యోగం వెతికే ఖర్చు, దొరకని నష్టం, రెండూ కంపెనీ తలమీద నుంచి దిగి కూలివాడి తలమీదికి ఎక్కుతున్నాయి.

అందుకే నా ఉద్దేశంలో ఒకే విజిట్ వీసా ఇద్దరికి రెండు రకాలుగా పనిచేస్తుంది. చదువు, అనుభవం ఉండి, మూడు నెలలు కూర్చుని తినగల డబ్బున్నవాడు గడువు చూసుకుని వెళ్లొచ్చు. దొరక్కపోతే టికెట్ పట్టుకుని వాపసు వస్తాడు, పోయేది కొంత డబ్బు. పైగా అలాంటివాళ్లకు యూఏఈలో 60, 90, 120 రోజులకు ఉద్యోగాన్వేషణ వీసా కూడా వచ్చింది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అప్పు చేసి, తాపీ పనికో క్లీనింగ్‌కో వెళ్లేవాడు మాత్రం ఈ దారి పట్టకూడదు. అతనికి వాపసు రావడమంటే అప్పుతో రావడం. ఆ భయంతోనే ట్రయల్ పనికి ఒప్పుకుంటాడు.

ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎక్కువ. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళను ఇంటిపనికి పంపాలంటే 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటివి. ఈ నియమాన్ని తప్పించడానికే కొందరిని విజిట్ మీద దుబాయ్ తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒమన్‌కు దాటించిన ఉదంతాలు ఉన్నాయి. చేరాల్సిన దేశం ఒకటి, చేతిలో వీసా ఇంకో దేశానిది అయితే, ఆ ప్రయాణం ఇక్కడే ఆపేయాలి.

దుబాయ్‌లో కుదిరింది అన్నిచోట్లా కుదురుతుందనుకోవద్దు. బ్రిటన్‌లో విజిటర్‌గా దిగినవాళ్లు అక్కడే ఉండి పని వీసాకు మారలేరు. బయటికి వచ్చి దరఖాస్తు చేయాల్సిందే. కెనడా కోవిడ్ రోజుల్లో, 2020 ఆగస్టులో, విజిటర్లకు ఈ వెసులుబాటు ఇచ్చి, 2024 ఆగస్టులో ఎత్తేసింది. అమెరికాలో విజిటర్‌గా ఉండి ఉద్యోగం వెతకొచ్చు, ఇంటర్వ్యూకు కూడా వెళ్లొచ్చు. కానీ కంపెనీ పిటిషన్, స్టేటస్ మార్పు ఆమోదం పొంది, అమల్లోకి వచ్చే తేదీ దాకా ఒక్క రోజు కూడా పని చేయకూడదు. మూడు దేశాలు, మూడు తీర్లు. అమెరికాలోనూ దుబాయ్‌లోనూ ఒకటే షరతు: అనుమతి ముందు, పని తర్వాత.

ఇక థాయిలాండ్, కంబోడియా పేరు చెప్పి, డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, ముందు టూరిస్ట్‌గా రండి, వచ్చాక వీసా మారుస్తాం అని ఎవరైనా అంటే, అక్కడితో మాట ఆపేయండి. థాయిలాండ్‌లో దింపి మయన్మార్‌కు దాటించి, సైబర్ మోసాల ముఠాల చేతుల్లో పెడుతున్నారని భారత విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది. 2024లో విశాఖపట్నం పోలీసులు ఇలాంటిదే ఒక కంబోడియా కేసు బయటపెట్టినప్పుడు అందులో చిక్కుకున్నవాళ్లు మన పిల్లలే.

ఇప్పటికే యూఏఈలో విజిట్ మీద ఉన్నవాళ్లు ఎవరైనా వింటుంటే, లేదా వాళ్ల ఇంట్లోవాళ్లు వింటుంటే, ఈ నంబర్లు రాసుకోండి. అక్కడ భారత ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342. ఇక్కడి నుంచి అడగాలంటే 1800 11 3090. ఆఫర్ లెటర్ నంబరు మొహ్రే యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ పెట్టి చూస్తే అసలుదో కాదో తేలుతుంది. ఇక్కడ ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ జాబితాలో చూసుకోవచ్చు. నంబరు అడిగితే కోపం తెచ్చుకునే ఏజెంటు దగ్గర ఇక చూసుకోవాల్సింది ఏమీ లేదు.

గడువుకు పది రోజుల ముందు ఒక నిర్ణయానికి రండి. మొహ్రే ఆఫర్ మీద సంతకం అయి, కంపెనీ కాగితాలు పెట్టి ఉంటే ఆగండి. ‘రేపు, ఎల్లుండి’ అంటుంటే టికెట్ తేదీకి విమానం ఎక్కండి. ఊళ్లో నలుగురూ నవ్వుతారేమోనని వెనకాడకండి. వాపసు వచ్చినవాడికి ఇంకోసారి సక్రమంగా వెళ్లే అవకాశం మిగిలే ఉంటుంది. డిపోర్ట్ అయినవాడికి ఆ తలుపు మూసుకుపోవచ్చు. ఇంట్లోవాళ్లు కూడా ఫోన్‌లో ‘పని దొరికిందా’ అని అడిగే ముందు ‘వీసా ఇంకా ఎన్ని రోజులుంది’ అని అడగడం అలవాటు చేసుకోండి. ఆ ఒక్క ప్రశ్న ఇంటి నుంచి వస్తే, ట్రయల్ పనికి తలూపే ముందు కుర్రాడు ఒక్క క్షణం ఆగుతాడు.